పదకొండు యాభై తొమ్మిది

ఉదయం ఎనిమిదింటికి శాసనసభ రికార్డు గది తలుపు తీసిన అటెండరుకి మొదట ఏ తేడా కనిపించలేదు. అధికారి ఎప్పటిలాగే కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. కళ్లజోడు ముక్కు మీదే ఉంది. "నమస్కారం సార్" అని రెండుసార్లు అన్నాడు. మూడోసారి దగ్గరికెళ్లి చూస్తే మెడ వెనక సూదిమొనంత ఎర్రచుక్క. ముప్పై ఏళ్లుగా ఒక్క కాగితం బయటికి పోనివ్వని మనిషి తానే పోయాడు. ఆయనతో పాటు ఒక కాగితమూ పోయింది. అది సభాభవనం పై అంతస్తు ప్లాను.

తొమ్మిదింటికి గుమాస్తా గొడుగులు బాగుచేసే కొట్టు ముందు నిలబడ్డాడు.

గుమాస్తా అంటే నిజం గుమాస్తా కాదు. రహస్య విభాగంలో అతనికి పెట్టిన పేరు. పదిమందిలో నిలబెడితే ఎవరి కంటికీ ఆనని మొహం. మూడు దేశాల్లో మూడు ముఠాలను పట్టించాడు. ఆ మూడు చోట్లా అతన్ని టీ తెమ్మన్నారు తప్ప పేరు అడిగినవాడు లేడు.

"వాన పడేలా ఉందా?" కొట్టువాడు తలెత్తకుండా అడిగాడు.

"మా ఇంట్లో అప్పుడే పడుతోంది."

కొట్టువాడు కాలితో ఏదో నొక్కాడు. గొడుగుల స్టాండు పక్కకి జరిగింది. వెనక కిందికి దిగే మెట్లు.

కింద చీఫ్ బ్లేడుతో పెన్సిలు చెక్కుతున్నాడు. ఆయన పెన్సిలు చెక్కుతున్నాడంటే ఎవరికో మూడిందని విభాగంలో అందరికీ తెలుసు. పక్కన పట్టకారు కూర్చుని ఉన్నాడు. బాంబులు విప్పే మనిషి. ఎడమచేతికి మూడు వేళ్లే, కానీ ఆ మూడింటినీ నమ్మినంతగా గుమాస్తా ఇంకెవరినీ నమ్మడు.

"ఇవాళ ఏం రోజు?" అన్నాడు చీఫ్.

"లీజు ముగిసే రోజు సార్."

ఆ లీజు కథ దేశంలో బడిపిల్లలందరికీ నోటికి వచ్చు. ఒకప్పుడు రాజధాని రేవు పట్నం. పరాయివాళ్లు ఓడల్లో దిగి అక్కడే పాలించారు. జ్వరాలకు వాళ్ల దొరలు పిట్టల్లా రాలిపోతుంటే రాజధానిని ఈ గుట్ట మీదికి మార్చి, ఏడేళ్లు రాళ్లు మోయించి ఈ సభాభవనం కట్టారు. వెళ్లిపోయేటప్పుడు దేశాన్ని ఇచ్చారు గానీ గుట్టను ఇవ్వలేదు. అరవై ఏళ్లకు మనకే లీజుకిచ్చామన్నారు. ఆ తర్వాత మనవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? రాజధాని రేవులో ఉండాలని కొందరు, గుట్ట మీదే ఉండాలని కొందరు జుట్టూ జుట్టూ పట్టుకుని, నాలుగేళ్లపాటు ఆరు నెలలు అక్కడా ఆరు నెలలు ఇక్కడా సభ నడిపారు. బళ్ల మీద అటూ ఇటూ తిరిగిన ఫైళ్లలో సగం ఎలుకలు తిన్నాయి. చివరికి గుట్టే గెలిచింది. లీజు ఆఖరి రోజున, ఆ హాల్లోనే కూర్చుని, ఆ హాలు గడియారం పన్నెండు కొట్టేలోపు సభ తీర్మానం చేస్తే గుట్ట మనది. చేయకపోతే ఇంకో అరవై ఏళ్లు వాళ్లది, వాళ్ల సైన్యానికి గేటు తెరవాలి. ఒప్పందంలో అక్షరం అక్షరం అలాగే ఉంది.

"రాత్రి రికార్డు గది అధికారిని సూదితో చంపిన పరాయి ముఠాయే సభ కింద బాంబు పెట్టింది. ఎక్కడో తెలీదు. పన్నెండింటికి పేలుతుంది," అన్నాడు చీఫ్.

"ఖాళీ చేయించొచ్చు కదా సార్?"

"చేయిస్తే తీర్మానం లేదు. గుట్ట పోతుంది. చేయించకపోతే నాలుగు వందల మంది పోతారు, గుట్టా పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. స్పీకరుగారికి చెప్పాను. 'నేను కుర్చీ దిగను, మీరు వెతకండి' అన్నారు." చీఫ్ బ్లేడు ఆపాడు. "ముఠాలో మనం పెట్టిన పావురం కబురు పంపింది. మీట ఎవరి చేతిలో ఉందో చెప్పింది."

"ఎవరు?"

"గడియారం మనిషి."

సభ గడియారానికి కీ ఇచ్చే మనిషి గుమాస్తా సొంత అన్న.

"మీ ఇద్దరికీ మాటల్లేక ఎన్నాళ్లయింది?"

"పదకొండేళ్లు సార్."

"అందుకే నిన్ను పంపుతున్నా. ప్రేమ ఉన్న తమ్ముడు కాల్చలేడు. మొహం తెలియనివాడు ఇంకొకణ్ణి కాలుస్తాడు. కనిపించగానే కాల్చెయ్. మాట్లాడనిచ్చావో, వాడు మీట నొక్కుతాడు."

పట్టకారు అతని చేతికి ఒక వాచీ కట్టాడు. "ఇందులో రేడియో ఉంది. నేను నేలమాళిగలో ఉంటా. ఇంకో మాట, దేశంలో దీనికన్నా కచ్చితమైన వాచీ లేదు. సెకను తేడా రాదు."

ఫ్యాన్లు బాగుచేసే ఎలక్ట్రీషియన్ వేషంలో, నిచ్చెన భుజాన వేసుకుని గుట్ట ఎక్కుతుంటే గుమాస్తా మనసు పదకొండేళ్లు వెనక్కి పోయింది. ఆ గడియారం అంతకు ముందు నాన్నది. నాన్న ముప్పై ఏళ్లు దానికి కీ ఇచ్చాడు, తర్వాత పెద్దకొడుక్కి అప్పగించాడు. నాన్న ఆఖరి రోజున సభ నడుస్తోంది. గుమాస్తా మూడుసార్లు గేటు దాకా మనిషిని పంపాడు. అన్న రాలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకి నాన్న కన్ను మూశాడు. అన్న సాయంత్రం నాలుగింటికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"సభ వదల్లేదురా," అన్నాడు.

అప్పటికే గూఢచారి బుర్ర కదా, గుమాస్తా మర్నాడే వెళ్లి సభ రికార్డు చూశాడు. నల్ల సిరాతో స్పష్టంగా ఉంది: సభ పదకొండు యాభై తొమ్మిదికి ముగిసింది. గుట్ట దిగడానికి పావుగంట చాలు. కన్నతండ్రి పోతుంటే ఈ మనిషి నాలుగు గంటలు ఎక్కడ తిరిగాడు? పైగా అబద్ధం. ఆ రోజు నుంచి అన్నతో మాట కట్. నాన్న మాత్రం పోయే ముందు గోడ గడియారం వైపు చూసి, "వాడు రాడులేరా, పని మీదున్నాడు" అని నవ్వాడు. పెద్దకొడుకంటే ఆయనకు ఎప్పుడూ పక్షపాతమే అనుకుని గుమాస్తా ఆ నవ్వును కూడా క్షమించలేదు.

అలాంటి మనిషి దేశాన్ని అమ్మాడంటే నమ్మడం కష్టమేమీ కాదు. మరి నిచ్చెన ఎందుకింత బరువుగా ఉందో గుమాస్తాకి అర్థం కాలేదు.

పదకొండింటికి క్యాంటీన్లో పావురం కనిపించింది. ఆమె ఏడాది కింద సభలో అనువాదకురాలిగా చేరింది. అయిదు భాషలు మాట్లాడుతుంది. నీలం పట్టు, చెవులకు ముత్యాలు, ఆమె నడిచి వెళ్తుంటే మంత్రులు వాక్యం మధ్యలో ఆగిపోతారు. పరాయి ముఠా ఆమెను తమ మనిషి అనుకుంటుందని, నిజానికి ఆమె మన మనిషి అని విభాగం నమ్మకం.

"ఈ ఫ్యాను చప్పుడు చేస్తోంది," అంది.

"నూనె వేస్తే సర్దుకుంటుందమ్మా." గుమాస్తా ఆమె బల్ల పక్కనే నిచ్చెన వేసి ఎక్కాడు.

ఆమె టీ కప్పు పెదాల దగ్గర పెట్టుకుని కప్పులోకి మాట్లాడింది. "మీట ఆయన చేతిలోనే ఉంటుంది. ఆయన ఏం చెప్పినా వినకండి, కాల్చేయండి. మాటకారి. మీ అన్నగారని తెలుసు, నాకూ బాధగానే ఉంది."

"మీరు?"

"పదకొండు యాభై అయిదుకి గేటు బయట ఉంటాను. మీరూ త్వరగా వచ్చేయండి."

ఆ బాధ కప్పు దించేలోపే ఆమె మొహం నుంచి పోయింది. గుమాస్తా అది చూశాడు గానీ పట్టించుకునే తీరిక లేకపోయింది.

హాల్లో సభ్యులంతా ఉన్నారు. స్పీకరు కుర్చీకి ఎగువన, గోడలో నిలువెత్తు గడియారం. పదకొండు నలభై. ఒక్క ఓటు వేస్తే అయిపోయే పనికి వాగుడుకాయ అడ్డం పడి గంటన్నరగా మాట్లాడుతున్నాడు. అతను నోరు తెరిస్తే మూయడని సభలో పేరు. గుట్ట మీద మొదటి రాయి ఎవరు మోశారు, రెండో రాయి ఎవరు మోశారు అంటూ రాయి రాయికీ కథ చెబుతున్నాడు. ముఠా అతన్ని కొనేసిందని గుమాస్తాకి అర్థమైంది. పన్నెండు దాటేదాకా ఓటు పడకూడదు. పన్నెండింటికి తనూ పేలిపోతాడని మాత్రం పాపం అతనికి చెప్పినట్టు లేరు.

పదకొండు యాభై. హాలు చుట్టూ తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. కిటికీ తెరలు దించారు. సభ్యులు కొందరు చేతి గడియారాలు విప్పి జేబుల్లో వేసుకుంటున్నారు. ఎవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. ఇదేమిటో గుమాస్తాకి తెలియలేదు.

వాచీ గరగరలాడింది. పట్టకారు గొంతు. "దొరికింది. స్పీకరు కుర్చీకి సరిగ్గా కింద. పెద్దదిరా బాబూ. విప్పడానికి అరగంట పైనే కావాలి. తీగ తెంపితే వెంటనే పేలుతుంది. ఆ తీగ పైకి పోతోంది."

"పైకి ఎక్కడికి?"

"గడియారం గదిలోకి."

ఇంకేం కావాలి? గుమాస్తా నిచ్చెన అక్కడే పడేసి పరుగెత్తాడు. మెట్ల గది తలుపు దగ్గర మార్షల్ అడ్డం వచ్చాడు. "సభ లేచేదాకా ఎటూ పోవడానికి లేదు" అని రెండు చేతులూ చాపాడు. అతన్ని కింద పడేసి, తాళం విరగ్గొట్టేసరికి ఎనిమిది నిమిషాలు పోయాయి. తర్వాత గుండ్రంగా తిరిగే ఇనుప మెట్లు, నూట పన్నెండు. చిన్నప్పుడు నాన్న చెయ్యి పట్టుకుని లెక్కపెట్టుకుంటూ ఎక్కిన మెట్లే. అప్పుడు అలసిపోతే అన్న వీపు మీద ఎక్కించుకునేవాడు. యాభయ్యో మెట్టు దగ్గర వాచీ చూసుకున్నాడు. పది సెకన్లు. అయిదు. ఇంక అందదు. గుమాస్తా మెట్టు మీదే కూర్చుండిపోయి కళ్లు మూసుకున్నాడు.

ఏమీ కాలేదు.

కళ్లు తెరిచాడు. వాచీలో పన్నెండు దాటి ఇరవై సెకన్లు. నలభై. గోడ అవతల వాగుడుకాయ గొంతు మాత్రం ఇంకా వినిపిస్తోంది, పదిహేడో రాయి దగ్గరున్నాడు. బతికే ఉన్నానని నమ్మకం చిక్కేసరికి ఇంకో నిమిషం పట్టింది. లేచి మిగిలిన మెట్లు ఎక్కి, పిస్తోలు తీసి, తలుపు తన్నాడు.

అన్న వీపు కనిపించింది. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. గడియారం వెనక పేటిక తెరిచి, మనిషి తలంత లోలకాన్ని ఒక పక్కకి లాగి, రెండు చేతులతో గుండెకి అదిమి పట్టుకుని ఉన్నాడు. కన్ను మాత్రం గోడలో రంధ్రం దగ్గర ఉంది. అందులోంచి కింద స్పీకరు కుర్చీ కనిపిస్తుంది.

"చేతులు పైకెత్తు!"

"అరవకు. లోపల సభ నడుస్తోంది," అన్నాడు అన్న, తల తిప్పకుండా.

"చేతులు పైకెత్తు, కాల్చేస్తా!"

అప్పుడు తిరిగి చూశాడు. తుపాకీని కాదు, తమ్ముణ్ణి చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "చిన్నోడా... ఎత్తలేనురా. స్పీకరుగారు తల ఊపారు."

కనిపించగానే కాల్చెయ్. మాట్లాడనివ్వకు. మాటకారి. గుమాస్తా వేలు ట్రిగ్గరు మీద బిగిసింది. కానీ చూపు వాచీ మీద పడింది. పన్నెండు నాలుగు. ఎదురుగా గడియారం వెనక వైపున్న చిన్న డయలులో పదకొండు యాభై తొమ్మిది, ముల్లు కదలడం లేదు. తీగ ఆ గడియారంలోంచే బయలుదేరి, గంట కొట్టే సుత్తికి చుట్టుకుని కిందికి దిగుతోంది. అన్న చేతుల్లో మీట లేదు. ఇత్తడి ముద్ద తప్ప ఏమీ లేదు. చచ్చిపోవలసిన టైం దాటి నాలుగు నిమిషాలు అయింది. ఎందుకు బతికున్నానో ఆ రెండు చేతులే చెబుతున్నాయి.

పిస్తోలు కిందికి దిగింది.

వెనక మెట్ల మీద మడమల చప్పుడు. పావురం. జుట్టు రేగిపోయింది, ఒక కాలికి చెప్పు లేదు. "కాల్చకండి!" అని కేక పెట్టింది. "ఆయన చెయ్యి వదిలితే సుత్తి లేస్తుంది! అందరం పోతాం!"

గుమాస్తా ఆమె వైపు తిరిగాడు. "గంట కింద కాల్చమన్నది మీరే కదా. సుత్తి సంగతి అప్పుడు చెప్పలేదే?"

"ఈవిడే కదరా!" అన్నాడు అన్న. "పోయిన వారం గడియారం రిపేరుకని ఒక పరాయి మెకానిక్కుని వెంటబెట్టుకొచ్చింది. స్పీకరు ఆఫీసు ఉత్తరం కూడా చూపించింది. ఆయన మాట ఈవిడే తెలుగు చేసి చెప్పింది."

ఆ మెకానిక్కు మొహం చూసినవాడు అన్న ఒక్కడే. ఉత్తరం దొంగదని, ప్లాను ఎవరు తీశారో పట్టేయగలిగినవాడు రికార్డు గది అధికారి. ఒకణ్ణి సూదితో చంపింది, రెండోవాణ్ణి సొంత తమ్ముడి చేత చంపించబోయింది. పదకొండు యాభై అయిదుకి హాయిగా బయటికి వెళ్దామంటే గేటు తీయలేదు. తను పెట్టించిన బాంబు మీద తనే చిక్కుకుపోయింది. గుమాస్తా ఆమెకు సంకెళ్లు వేసి మెట్ల రెయిలింగుకి తగిలించాడు. ఆమె గింజుకోలేదు. అన్న చేతుల వైపే గుడ్లప్పగించి చూస్తూ కూర్చుంది.

"పట్టకారూ, ట్రిగ్గరు గంట సుత్తికి కట్టారు. గడియారం ఆగి ఉంది. నువ్వు విప్పు."

"ఎంతసేపు ఆపగలరు?"

గుమాస్తా అన్న చేతులు చూశాడు. పిస్తోలు జేబులో వేసుకుని, పక్కన చేరి, తనూ ఆ లోలకాన్ని పట్టుకున్నాడు. ఇత్తడి వెచ్చగా ఉంది.

"కింద బాంబుంది అన్నయ్యా."

"ఇందాక మీ మాటల్లోనే అర్థమైంది."

"భయం లేదా?"

"ఎందుకు లేదు? కానీ చెయ్యి వదిలితే భయం పోతుందా, ప్రాణం పోతుందా?"

కళ్లారా చూసినవాడి దగ్గర ఇంక దాచేదేముందని, నెమ్మదిగా, కన్ను రంధ్రం మీంచి తీయకుండా, అన్న చెప్పాడు. సభ పని గడువులోపు తేలకపోతే స్పీకరు ఇటు చూసి తల ఊపుతాడు. గడియారం మనిషి లోలకం పట్టుకుంటాడు. ఆయన మళ్లీ తల ఊపేదాకా హాల్లో పన్నెండు కాదు. బయటి టైం లోపలికి రాకుండా తలుపులు ముందే వేస్తారు. ఇది ఏ పుస్తకంలోనూ రాయరు. హాల్లో కూర్చున్నవాళ్లకి తెలుసు, బయట చెప్పరు. చెబితే ఆ చట్టాలు చెల్లవు. గడియారం మనిషైతే పెళ్లాం పిల్లలకైనా చెప్పనని ప్రమాణం చేయాలి. అన్న ఆ ప్రమాణం నాన్న చేతిలో చెయ్యి వేసి చేశాడు. వాగుడుకాయకి ఈ సంగతి తెలుసు. ముఠా అతన్ని అడగలేదు, అతను చెప్పలేదు. అతని చేత అంతసేపు వాగించకపోతే ఓటింగు ఎప్పుడో అయిపోయి, గడియారం తన మానాన తను పన్నెండు కొట్టేది.

"ఆఖరిసారి ఎప్పుడు పట్టుకున్నావు?" అని అడిగాడు గుమాస్తా. అడుగుతుండగానే జవాబు తెలిసిపోయింది.

"పదకొండేళ్లయింది. బడ్జెట్టు రోజు. నాలుగు గంటలు." అన్న లోలకాన్ని ఇంకాస్త గట్టిగా అదిమాడు. "మూడుసార్లు కబురు పంపావట. గేటు తీశాకే తెలిసింది."

పదకొండు యాభై తొమ్మిది. నల్ల సిరా. ముఠా ఏ రికార్డుని నమ్మి బాంబు కట్టిందో, అదే రికార్డుని నమ్మి తను అన్నని వదులుకున్నాడు. నాన్న గోడ గడియారం చూసి ఎందుకు నవ్వాడో ఇప్పుడు తెలిసింది. గుమాస్తా ఏడ్చాడు. చేతులు ఖాళీ లేవు కనుక కళ్లు తుడుచుకోలేదు.

"నిన్ను చంపడానికి వచ్చాను అన్నయ్యా."

"తెలుస్తూనే ఉంది. తుపాకీతో ఫ్యాన్లు బాగుచేస్తారా ఎవరైనా?"

కింద వాగుడుకాయకి చివరికి దగ్గు వచ్చింది. ఆ సందులో స్పీకరు ఓటింగు ప్రకటించాడు. ఒక్కొక్క పేరూ పిలుస్తుంటే "అవును, అవును" అని గొంతులు. అన్న భుజం పట్టేసి లోలకం అంగుళం జారింది. గడియారంలో ఒక్క టిక్కు. పావురం కెవ్వుమంది. గుమాస్తా తన గుండె ఆనించి దాన్ని వెనక్కి నెట్టాడు. నిమిషాల ముల్లుకీ పన్నెండుకీ మధ్య వెంట్రుకంత జాగా మిగిలింది.

వాచీ గరగరలాడింది. "అయిపోయింది. విప్పేశా. నా మూడు వేళ్లూ ఉన్నాయి."

రంధ్రంలోంచి చూస్తే స్పీకరు తలెత్తి, గడియారం వైపు ఒకసారి తల ఊపాడు.

అన్నదమ్ములిద్దరూ ఒకేసారి చెయ్యి వదిలారు. లోలకం ఊగింది. సుత్తి లేస్తుంటే బాంబు లేదని తెలిసి కూడా ముగ్గురూ కళ్లు మూసుకున్నారు. పన్నెండు దెబ్బలు. అరవై ఏళ్ల లీజు చెల్లిపోయింది. మర్నాడు పరాయి రాయబారి నిరసన ఉత్తరం రాస్తే, సభ రికార్డు నకలు ఒకటి మర్యాదగా పంపించారు.

గుమాస్తా వాచీ వైపు చూసుకున్నాడు. అన్న కూడా ఆ చెయ్యి పట్టుకుని, కళ్లు చిట్లించి, అందులో టైం చూశాడు. పన్నెండు నలభై ఏడు.

"ఎక్కడ కొన్నావురా ఇది? ముప్పావుగంట ముందుకి పోతోంది," అన్నాడు. "సాయంత్రం ఇంటికి పట్టుకురా, సరిచేసిస్తాను."